ముండ్లబంతులు - ఇసుకపూవులు

నేను ఉన్నతపాఠశాలలో ప్రధానోపాధ్యాయుడనై యున్న దినములలో ఒకమారు ఎనిమిదవ తరగతి పిల్లలను వెంటబెట్టుకొని భీమునిపట్టణపు సముద్రతీరమునకు విహారయాత్ర పోయితిని. అది ఆటు వేళ. నీరు వెనుకకు తీయగా పాచిపట్టిన నల్లని బండలు బయటపడి, వాని సందులలో చిన్నచిన్న నీటిగుంటలు తళతళలాడుచుండెను. పిల్లలు పీతలను తరుముచు, గవ్వల నేరుచు కేరింతలు కొట్టుచుండిరి. ఇంతలో ఒక బాలుడు కెవ్వున కేకవేసి కూలబడెను. పరుగున పోయి చూడగా వాని మడమలో మూడు నల్లని ముండ్లు దిగి విరిగియుండెను. నా కేమియు తోచక జేబులోని పిన్నీసుతో వానిని పెకలింపబోవుచుండగా, సమీపమున వల బాగుచేసికొనుచున్న వృద్ధజాలరి యొకడు లేచివచ్చి నా చేయి పట్టుకొనెను.

“పంతులుగారూ, తవ్వకండి బాబూ! అది పెళుసు ముల్లు. తవ్వినకొద్దీ లోపల ముక్కలయిపోద్ది. వేడినీళ్ళలో కాలు పెట్టించి డాక్టరుగారికి చూపించండి” అనెను. అట్లే చేసితిమి. బాలుని బాధ యా రాత్రికే తగ్గెను. వైద్యుడును జాలరి మాటయే చెప్పెను.

పిమ్మట ఆ వృద్ధుడు మమ్ము నీటిగుంటకడకు తీసికొనిపోయి, చేతికఱ్ఱతో ఒక బండబొరియను చూపెను. అందులో నిండుగ, చుట్టును ముండ్లు నిక్కబొడుచుకొని, నల్లని ఉమ్మెత్తకాయవంటి దొకటి యిమిడియుండెను. కఱ్ఱ తాకగానే ముండ్లన్నియు కఱ్ఱవైపునకే వంగెను. అది కాయ కాదు, రాయి కాదు, ప్రాణముగల జంతువు! దానిని ఆంగ్లమున సీ అర్చిన్ అందురు. అర్చిన్ అనునది పూర్వము ఆ దేశమున మన ఏదుపందిని బోలిన చిన్న ముండ్లజంతువునకు పేరు. మనము దీనిని అర్చిను అనియే పిలుచుకొందము.

ఆనాటి సాయంకాలమే మఱియొకటి జరిగినది. ఇసుకతిన్నెలవైపు పోయిన బాలిక యొకతె తన రుమాలులో చదునైన బిళ్లవంటి దానిని మూటగట్టి తెచ్చెను. అరచేయి వెడల్పు, ఊదారంగు, పైభాగమున ఐదు రేకుల పూవు చెక్కినట్లున్నది, ఒకవైపు అంచున రెండు చీలికలున్నవి. “మాస్టారూ, ఇది కదులుచున్నదండీ!” అని ఆమె ఆశ్చర్యపడెను. నేను మిక్కిలి తెలిసినవానివలె, దానిని బావినీరు నింపిన పాత్రలో వేయుమని చెప్పితిని. తెల్లవారునప్పటికి అది చచ్చిపడియుండెను. ఆ తప్పు నాది. ఈ జాతి జీవులలో ఒక్కటియైనను మంచినీట బ్రతుకదని నాకు తరువాత గ్రంథములు చూచినగాని తెలియలేదు. ఆ బాలిక అడిగిన ప్రశ్నల కా దినమున నేను చెప్పలేకపోయిన జవాబులే యీ పాఠము.

ఉమ్మెత్తకాయవంటి అర్చినును, పూవు చెక్కిన బిళ్లయు దగ్గరి చుట్టములని చెప్పిన మీరు నమ్మరు. రెండవదానిని ఇసుక డాలరు అందురు. అమెరికా తీరమున ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన తెల్లని పెంకులను చూచి, వెండి డాలరు నాణెములను బోలియున్నవని అచటివారు పెట్టిన పేరది. మన పిల్లలు ముందుగా చూచియున్నచో ఇసుకరూపాయి అనియుందురు. ఈ రెండును, సముద్రనక్షత్రములును, సముద్రదోసకాయలును ఒకే మహాకుటుంబమునకు చెందినవి. ఆ కుటుంబమునకు శాస్త్రజ్ఞులు ఇఖైనోడర్మేటా అని పేరిడిరి. గ్రీకుభాషలో దాని కర్థము ముండ్లచర్మము గలవి యని. ఈ కుటుంబపు ముద్ర ఐదు అను సంఖ్య. మన శరీరమునకు కుడి యెడమలున్నట్లు వీనికి ఐదు భాగములు చక్రపు ఆకులవలె ఏర్పడియుండును. నందివర్ధనపు పూవును ఎదుట పెట్టుకొని ఇసుక డాలరును చూచినచో ఈ సంగతి క్షణములో తెలియును.

నేడు సముద్రములలో జీవించియున్న అర్చినులును ఇసుక డాలర్లును కలిసి సుమారు వేయి జాతులున్నవి. కొన్ని బఠాణిగింజకంటె పెద్దవి కావు. లోతుసముద్రమున ఒక జాతి యొక అడుగు వెడల్పు పెరుగును. ఉష్ణమండలపు పగడపుదిబ్బలయందును, మంచుగడ్డల క్రింద దక్షిణధ్రువసముద్రమునందును, సూర్యరశ్మి యెన్నడును చొరని ఏడువేల మీటర్ల లోతునను ఇవి నివసించుచున్నవి. ఒక్క నదులలోను చెరువులలోను మాత్రము లేవు.

చచ్చిన అర్చినుయొక్క ముండ్లు రాలిపోగా మిగిలిన గుండ్రని పెంకు మీకెన్నడైన దొరకినచో దానిని దీపమునకు ఎదురుగ పట్టి చూడుడు. సూదితో పొడిచినట్లు సన్నని రంధ్రముల వరుసలు పై నుండి క్రిందికి దిగివచ్చుచు కనబడును. ఆ పెంకు ఒకే ముక్క కాదు. సున్నపుపలకలు ఇరువది నిలువు వరుసలుగ పేర్చి, అతికి కట్టిన గోపురమది. రంధ్రములున్న జంటవరుసలు ఐదు, రంధ్రములు లేనివి ఐదు. పెంకుపై కనబడు బొడిపెలు ముండ్లకు పీఠములు. మన భుజపు టెముక గుంటలో తిరుగునట్లు ప్రతి ముల్లును తన బొడిపెపై ఏ దిక్కునకైనను తిరుగగలదు. కఱ్ఱ తాకగానే ముండ్లన్నియు ఒక్క దిక్కునకు వంగుట కిదియే కారణము. విచిత్రమేమనగా ఈ జంతువునకు మెదడు లేదు. నోటిచుట్టు ఒక నాడీవలయము, అందుండి బయలుదేరిన ఐదు నాడులు, అంతియే.

పెంకులోని సన్నని రంధ్రములగుండ బయటికి వచ్చునవి నాళపాదములు. ఇవి నీటితో నిండిన సన్నని గొట్టములు. కొనయందు చిన్న అంటుడుబిళ్ల యుండును. లోపలి నీటిని ఒత్తి వీనిని సాచును. వెనుకకు తీసి ముడుచును. వందలకొలది పాదములతో బండను పట్టుకొని, ఒక్కొక్కదానిని వదలి ముందుకు సాచుచు అర్చిను నిలువుగోడనైనను ఎక్కగలదు. ముండ్ల నడుమ మూడు దవడల చిన్న పట్టుకార్లవంటివి కాడలపై ఊగుచుండును. వీనిని మొదట గమనించిన పండితుడు, ఇవి అర్చినుపై బ్రతుకు పరాన్నజీవులని భ్రమపడి వేరే పేరుగూడ పెట్టెను! నిజమునకవి అర్చిను అవయవములే. ఒంటిపై వాలిన క్రిములను, పడిన చెత్తను ఏరిపారవేయుట వాని పని.

ఇక నోరు. అది క్రిందివైపున, బండను ఆనుకొనియుండును. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దిలో గ్రీకుతత్త్వవేత్త అరిస్టాటిలు జంతువులనుగూర్చిన తన గ్రంథమున అర్చిను నోటిని దీపపు లాంతరుతో పోల్చెను. నాటినుండి నేటివరకును శాస్త్రజ్ఞులు దానిని అరిస్టాటిలు లాంతరు అనియే వ్యవహరింతురు. ఐదు పండ్లు, వానిని పట్టియుంచు దవడలు, కఱ్ఱలు, కండరములు. ఎముకలవంటి చిన్న భాగములు సుమారు నలుబది! పండ్ల కొనలు బండను గీకి గీకి అరుగుచుండును. వెనుకనుండి క్రొత్తపన్ను పెరుగుచుండును. అరుగుదలలో గూడ ఒక ఉపాయము కలదు. పంటిలోని పలకలు కొన్ని మెత్తన, కొన్ని గట్టి. మెత్తనివి ముందుగ ఊడిపోవుటచే కొన ఎల్లప్పుడును ఉలివలె పదునుగ నిలుచును. మన వడ్రంగికి ఇట్టి ఉలి దొరకినచో సానరాయితో పని యుండదు. ఈ పండ్లతోడనే కొన్ని జాతులు బండలలో తమ బొరియలను తామే తొలుచుకొనును. కాలిఫోర్నియా తీరమున ఓడరేవు కట్టడముల ఉక్కుస్తంభములను సైతము ఇవి గుంటలు చేసినట్లు పరిశోధకులు వ్రాసిరి.

వేయి జాతులలో దేని ముండ్లు దానివే. మన మన్నారు సింధుశాఖలోను, లక్షదీవులలోను, అండమానులోను పగడపుదిబ్బల చెంత డయాడెమా అను జాతి యున్నది. డయాడెమా యనగా కిరీటము. నల్లని ముండ్లు సన్నగ, ఊచలవలె, దేహముకంటె ఎన్నోరెట్లు పొడవుగ నుండును. దానిపై నీడ పడినచో ముండ్లన్నియు నీడవైపునకు ఊగును. నడినెత్తిన నారింజరంగు వలయ మొకటి మెఱయుచుండును. చూచినవారెల్లరు అది కన్నని తలచెదరు. కన్ను గాదు, అది మలద్వారము! బాలురకు నవ్వు వచ్చును గాని, నోరు క్రిందను మలద్వారము పైనను ఉండుట గుండ్రని అర్చినులన్నిటికిని సహజము.

హవాయి ద్వీపములలోని మఱియొక జాతి ముండ్లు దీనికి పూర్తిగ విరుద్ధము. అవి వ్రేలంత లావు, మొద్దు కొనలు. పూర్వము అచట పిల్లలు పలకలపై వ్రాయుటకు వానిని వాడెడివారట. అందుచే దానికి బలపపుటర్చిను అను అర్థమిచ్చు పేరే స్థిరపడెను. నా చిన్నతనమున పలకయు బలపమునే మాకు సరస్వతి. సముద్రమే బలపములను పండించిన దేశమొకటి కలదని అప్పుడెవరైన చెప్పియున్నచో నేను తప్పక అచటికి పోవలెనని మారాము చేసియుందును. అలలు పిడుగులవలె పడు బండలపై ముండ్లు నిలుచుట కష్టము. అట్టిచోట నివసించు జాతి యొకటి తన పైముండ్లను పెంకులు కప్పినట్లు పొట్టిగ, చదునుగ మార్చుకొన్నది. దూరమునుండి చూచిన అది నున్నని శిరస్త్రాణమువలె నుండును. అల దానిపై జారిపోవునేగాని దానిని పెకలింపజాలదు.

అందమును చూచి మోసపోరాదనుటకు పుష్పపుటర్చిను అను జాతి నిదర్శనము. ముండ్లు పొట్టివి, వాని నడుమ లేత గులాబిరంగు పూవులు విచ్చుకొన్నట్లుండును. అవి పూవులు కావు, ఇంతకుముందు చెప్పిన పట్టుకార్లే. కాని యివి విషము గలవి. ముట్టుకొన్నవారికి తీవ్రమైన బాధ కలుగును. ఇంకొక జాతి ఆకులను, గవ్వచిప్పలను, రాళ్లను నాళపాదములతో పట్టుకొని నెత్తిన గొడుగువలె మోయుచు తిరుగును. ఎండనుండి కాపాడుకొనుటకని కొందరు, శత్రువుల కంటబడకుండుటకని కొందరు చెప్పుదురు. లోతుసముద్రమున పెంకు గట్టిగ లేక తోలుసంచివలె వంగు అర్చినులును, సీసాకారమున సాగియున్నవియు కలవు. ఈ వైవిధ్యమంతటిని ఒక్కచోట వర్ణింప బూనిన డెన్మార్కు పండితుడు థియోడోర్ మార్టెన్‌సెన్‌కు 1928 మొదలు 1951 వరకు కాలము పట్టినది. మనదేశపు నౌకలు హిందూమహాసముద్రమునుండి తెచ్చి కలకత్తా మ్యూజియమున చేర్చిన అర్చినులను కేలర్ అను ఫ్రెంచిపండితుడు అంతకుముందే పరిశీలించి సంపుటములు వ్రాసియుండెను.

ఇప్పుడు ఇసుక డాలరుల సంగతికి వత్తము. బండపై నివసించువానికి గుండ్రని దేహము మేలు. ఏ దిక్కునకైన నడువవచ్చును. ఇసుకలో దూరి బ్రతుకదలచినవానికి ఆ రూపము పనికిరాదు. అందుచేత సుమారు పంతొమ్మిదికోట్ల సంవత్సరముల క్రిందట కొన్ని అర్చినులు ఇసుకను ఆశ్రయించి, క్రమక్రమముగ రూపము మార్చుకొనెను. ముందు వెనుకలు ఏర్పడెను. మలద్వారము నడినెత్తినుండి వెనుకవైపునకు జరిగెను. ముండ్లు కుఱుచవై మెత్తని వెండ్రుకలవలె నయ్యెను. వీనిలో ఒక తెగ హృదయాకారము పొంది ఇసుకలో లోతుగ బొరియ చేసికొని యుండును. అవి ఇసుకను నోటనిండ మ్రింగి అందులోని ఆహారమును గ్రహించును. వానికి పండ్లు అక్కరలేకపోయెను. అరిస్టాటిలు లాంతరు మాయమైనది. ఇసుక డాలరుకు మాత్రమది నిలిచియున్నది. ఎండిన యిసుక డాలరును చెవిదగ్గర ఊపిన గలగల శబ్దము వినబడును. పగులగొట్టినచో రెక్కలు చాచిన చిన్న పావురములవంటివి ఐదు రాలిపడును. అవి దాని దవడలు.

దానిపైనున్న పూవు శృంగారమునకు కాదు. ఐదు రేకులయందును వరుసగ నున్న రంధ్రములనుండి పలుచని నాళపాదములు వెలువడి నీటినుండి ప్రాణవాయువును గ్రహించును. అనగా ఆ పూవు దాని ఊపిరి. చదునైన దేహమునకు ఒక కష్టము కలదు. నీటిప్రవాహము దానిని గాలిపటమువలె పైకి లేపి బోర్లించును. తాటాకు విసనకఱ్ఱకు నాలుగైదు రంధ్రములు పొడిచి విసరి చూడుడు. గాలి వానిగుండ జారిపోవును. పెక్కు ఇసుక డాలరుల దేహమున ఇట్టి రంధ్రములో, మా బాలిక తెచ్చినదానివలె అంచున చీలికలో ఉండును. క్రింది నీరు వానిగుండ పైకి పోవుటచే బిళ్ల తేలిపోక నిలుచును. రంధ్రములు లేని జాతియొకటి అమెరికా పశ్చిమతీరమున నున్నది. దాని పిల్లలు ఇసుకలోని బరువైన ఇనుపరేణువులను ఏరి మ్రింగి, కడుపులో దాచుకొని, ఆ బరువుతో నేలనంటియుండును. పెద్దవైన పిదప వానికి ఆ బరువుతో పని లేదు. నెమ్మదిగ ప్రవహించు నీటిలో అవి వేలకొలది ప్రక్కప్రక్కనే, అలమారలో పళ్లెములు నిలిపినట్లు, సగము ఇసుకలో పాతుకొని నిటారుగ నిలుచును. ప్రవాహము తెచ్చిన ఆహారము వాని కందును.

ఈ జాతియొక్క శైశవముగూర్చి 2008వ సంవత్సరమున బయటపడిన సంగతి యొకటి అపూర్వమైనది. అర్చినులును ఇసుక డాలర్లును గ్రుడ్లను నీటిలో వదలును. గ్రుడ్డునుండి పుట్టినది తల్లిని ఏమాత్రము పోలదు. అది గాజువలె స్వచ్ఛము; చిన్న చేతులు చాచుకొని నీటిలో తేలుచుండును; దానికి మనవలె కుడి యెడమలు కలవు. కొన్ని వారములు తేలిన పిదప దాని యెడమప్రక్క లోపల బుల్లి అర్చిను ఏర్పడి, పాతదేహమును విడిచి, సముద్రపునేలకు దిగును. ఇట్లు తేలుచున్న ఇసుక డాలరుపిల్లకు చేప వాసన తగిలినచో అది తన దేహమునుండి మఱియొక దేహమును మొలిపించుకొని రెండగును! చిన్నవైనచో చేప కంటబడవని దాని ప్రకృతి నేర్పిన ఉపాయము.

అర్చినుయొక్క గ్రుడ్డు మానవునికి చేసిన మేలు చాల పెద్దది. అది పారదర్శకము, తల్లి గర్భమున గాక గాజుపాత్రలో, మన కన్నులయెదుట పెరుగును. 1876వ సంవత్సరమున ఆస్కార్ హెర్ట్‌విగ్ అను జర్మనుపండితుడు మధ్యధరాసముద్రపు అర్చిను గ్రుడ్డును సూక్ష్మదర్శినితో చూచుచు, తల్లి బీజమును తండ్రి బీజమును ఒకటిగ కలియుటను కనుగొనెను. సంతానము ఇరువురినుండియు కలుగునను సత్యమునకు అది ప్రత్యక్షప్రమాణమయ్యెను. 1982వ సంవత్సరమున టిమ్ హంట్ అను ఆంగ్లేయుడు అర్చిను గ్రుడ్లను పరీక్షించుచు, కణము ఎప్పుడు విభజింపబడవలెనో నిర్ణయించు సైక్లిన్ అను పదార్థమును కనిపెట్టెను. క్యాన్సరు వ్యాధి కణములు అదుపు తప్పి విభజింపబడుటచే వచ్చునదే గనుక ఆ పరిశోధన వైద్యమునకు మూలమైనది. 2001లో ఆయనకు నోబెల్ బహుమానములో భాగము లభించెను. 2006వ సంవత్సరమున ఒక అర్చినుయొక్క జన్యువుల పట్టికయంతయు చదువగా, ఇరువదిమూడువేలకు పైగా లెక్కకు వచ్చినవి. మన జన్యువుల సంఖ్యయు ఇంచుమించు అంతియే. కండ్లులేని యీ జీవియందు వెలుతురును గుర్తించు జన్యువులుండి, నాళపాదములయందు పనిచేయుచున్నవి!

వీని వంశము చాల పురాతనమైనది. నలుబదియైదు కోట్ల సంవత్సరముల నాటి రాళ్లలోనే అర్చినుల ఆనవాళ్లున్నవి. ఇరువదియైదు కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రజీవులలో అధికభాగము నశించిన మహావినాశమును దాటి బయటపడినవి వీనిలో ఒకటి రెండు శాఖలు మాత్రమే. నేటి వేయి జాతులును ఆ కొలదిపాటి వారసులే. మనదేశమున కచ్ఛ్ ప్రాంతమునను, తమిళనాడులోని అరియలూరు సున్నపురాళ్లలోను, మధ్యప్రదేశమున నర్మదాలోయలోని బాగ్ ప్రాంతమునను రాతిగా మారిన అర్చినులు దొరకినవి. బాగ్ ఎచట, సముద్రమెచట! ఒకప్పుడు ఆ లోయవరకు సముద్రము చొచ్చుకొని వచ్చెనని చెప్పుటకు ఆ రాతిపెంకులే సాక్షులు.

మీ కింతవరకు ఈ జీవులు వింతవస్తువులుగ తోచియుండవచ్చును. వీనిపై సముద్రములో ఎన్ని ప్రాణములు ఆధారపడియున్నవో ఒక ఘోరసంఘటనవలన లోకమునకు తెలిసెను. అట్లాంటిక్ మహాసముద్రమునకు చేరిన కరీబియను సముద్రమున పగడపుదిబ్బలకు ప్రసిద్ధి. అచటి పొడవుముండ్ల నల్లని డయాడెమా రాత్రివేళల దిబ్బలపై తిరుగుచు నాచును మేసెడిది. నాచు మేయు చేపలు చాలవరకు అప్పటికే మనుష్యుల వలలపాలైనందున ఆ పనిభారమంతయు అర్చినుపైననే పడియుండెను. 1983వ సంవత్సరము జనవరిలో పనామా కాలువ ముఖద్వారముచెంత అర్చినులు ముండ్లు రాల్చి చచ్చుట కనబడెను. ఆ తెగులు సముద్రపుటోటుల వెంబడి ద్వీపమునుండి ద్వీపమునకు ప్రాకి, ఇంచుమించు ఒక సంవత్సరములో కరీబియనంతటిని చుట్టివచ్చెను. నూటికి తొంబదికి పైగా చచ్చెను. మేయువారు లేక నాచు పెచ్చుపెరిగి పగడములను కప్పివేసెను. జమైకా తీరమున 1970వ దశకము చివర దిబ్బలలో ఇంచుమించు సగము సజీవపగడముండగా, 1990వ దశకారంభమునకు నూటికి ఐదుపాళ్లైనను మిగులలేదు. తుపానులును అందుకు తోడైనమాట నిజమే. కాని తుపాను కూల్చినదానిని మరల మొలకెత్తనీయనిది నాచు. ఆ తెగులునకు కారణమైన సూక్ష్మజీవి యేదో ఆనాడు ఎవరును పట్టలేకపోయిరి.

నలుబది సంవత్సరములకు అర్చినులు కొంత కోలుకొనుచుండగా 2022వ సంవత్సరమున కరీబియనులో మరల చావులు మొదలయ్యెను. ఈసారి శాస్త్రజ్ఞులు త్వరపడి, సన్నని రోమములతో ఈదు ఏకకణజీవి యొకటి హంతకియని 2023లో నిరూపించిరి. ఆ రెండు సంవత్సరములలోనే మధ్యధరాసముద్రపు తూర్పుభాగమునను ఎఱ్ఱసముద్రమునను డయాడెమాలు గుంపులుగుంపులుగ చచ్చెను. ఎఱ్ఱసముద్రమున చచ్చినది మన మన్నారు సింధుశాఖలోనున్న జాతియే. అందుచేతనే పరిశోధకులు హిందూమహాసముద్రపు దిబ్బలను నేడు జాగ్రత్తతో కనిపెట్టియున్నారు.

అర్చినులు తగ్గిన చోట్ల ఇట్లు జరుగగా, మితిమీరి పెరిగిన చోట్ల మఱియొక విధముగ జరిగినది. ఉత్తర అమెరికా పశ్చిమతీరమున కెల్ప్ అను సముద్రపునాచు చెట్లవలె పెరిగి అడవులు కట్టును. ఆ అడవులలో చేపలు గ్రుడ్లు పెట్టును. అర్చినులకు కెల్ప్ ప్రియమైన మేత. సముద్రపు నీరుకుక్కలకు అర్చినులు ప్రియమైన ఆహారము. ఉన్నివంటి చర్మమునకై వ్యాపారులు నీరుకుక్కలను వేటాడి, 1911వ సంవత్సరమున దేశములు ఒడంబడిక చేసికొనునాటికి వేయి రెండువేలకు దింపిరి. అవి లేనిచోట అర్చినులు అడవులను మొదలంట కొరికివేసెను. ఉత్తర కాలిఫోర్నియాలో అర్చినులను తిను ప్రొద్దుతిరుగుడు సముద్రనక్షత్రము ఒక్కటే కావలియై యుండగా, 2013 మొదలు అదియు తెగులుచే నశించెను. ఆ తెగులునకు మూలమైన బాక్టీరియమును 2025లోగాని గుర్తింపలేకపోయిరి. ఆ తీరపు కెల్ప్ అడవులు నూటికి తొంబది పాళ్లు మాయమయ్యెను. మేత ముగిసినచో అర్చినులు చచ్చునని తలతుమేమో, చావవు. లోపల డొల్లయై, కదలక, సంవత్సరముల తరబడి ఆకలితో కాచుకొని, మొలకెత్తిన ప్రతి మొక్కను తినివేయును. అట్టివాని ఆయువుగూడ సామాన్యము కాదు. ఆ తీరపు ఎఱ్ఱ అర్చినులలో నూరేండ్లు దాటినవి యున్నట్లు 2003వ సంవత్సరమున లెక్క తేల్చిరి. 1950వ దశకమున అణ్వస్త్రపరీక్షలవలన సముద్రమున కలిసిన అంగారము వాని ఎముకలలో మిగిల్చిన గుర్తే ఆ లెక్కకు ఆధారము.

జపాను దేశమున అర్చినులోని ఐదు పసుపుపచ్చని అండములను యూని అను పేర విలువైన వంటకముగ తిందురు. అందుచే కెల్ప్ తినివేసిన అర్చినులను పట్టి, మేపి, అమ్మవచ్చునని కొందరు ప్రయత్నించుచున్నారు. నా కా వంటకముపై ఆసక్తి లేదు గాని ఆలోచన మంచిది.

మీరు సముద్రతీరమునకు పోయినపుడు నీటిగుంటలో కాలు పెట్టుటకు ముందు కఱ్ఱతో తడిమి చూడుడు. ఇసుకలో డాలరుబిళ్ల దొరకినచో వ్రేలితో మెల్లగ నిమిరి చూడుడు. తెల్లగ, నున్నగ, ఎండిన సున్నమువలె నున్నచో అది ఖాళీపెంకు, ఇంటికి తెచ్చుకొనవచ్చును. ఊదారంగుననో గోధుమరంగుననో యుండి, వ్రేలికి మఖమలువలె తగిలి, ఆ మఖమలు మెల్లగ కదలినచో అది ప్రాణముతో నున్నది. దానిని పాత్రలో వేయవలదు, బావినీరు పోయవలదు. తీసినచోటనే, అల తాకు తడియిసుకపై, పూవు పైకి వచ్చునట్లు పెట్టి చూచుచుండుడు. కొంతసేపటికి అది ముందంచున ఇసుకను తోసికొనుచు లోపలికి దూరును. పూవుపైకి గూడ ఇసుక వచ్చి కప్పును.